మేకలు మెచ్చిన మఫిన్లు

తెలియదు అని చెప్పడానికి మనిషికి కాస్త వయసు రావాలనుకుంటాను. ఇరవై మూడేళ్ళప్పుడు నాకది రాలేదు. కరోనా తగ్గుముఖం పట్టి విమానాలు మళ్ళీ ఎగురుతున్న ఆ రోజుల్లో, రాజోలు దగ్గర మా ఊరి నుంచి దుబాయ్ బయల్దేరిన నేను (మా వైపు షార్జా అయినా, అజ్మాన్ అయినా దుబాయే) ఎవరేం అడిగినా వచ్చు అనేదాన్ని. అజ్మాన్‌లో ఇంటిపనికి మనుషుల్ని కుదిర్చే ఆఫీసులో నన్ను ఫోన్ ముందు కూర్చోబెడితే, అవతల నుంచి ఒక అరబ్బు మేడమ్ అడుగుతూ పోయింది. పిల్లల్ని చూసుకోవడం వచ్చా అంటే వచ్చన్నాను. ఇస్త్రీ వచ్చా అంటే వచ్చన్నాను. ఈత వచ్చా అంటే అదీ వచ్చన్నాను. బేకింగ్ వచ్చా అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం తడబడ్డాను. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది మా సెంటర్లో బేకరీ అద్దాల వెనక వరసగా కూర్చునే ఎగ్ పఫ్‌లు. వాటిని తినడం బాగా వచ్చు కాబట్టి మరీ పెద్ద అబద్ధం కాదనుకుని, వచ్చు మేడమ్ అన్నాను.

ఇల్లు షార్జాలో. మేడమ్ వాళ్ళూ వేరే అరబ్బు దేశం నుంచి వచ్చి ఉంటున్నవాళ్ళే. మేడమ్‌ది బ్యాంకు ఉద్యోగం, తెల్లారగానే వెళ్ళిపోయేది. సారు అబుదాబీలో ఉండి వారానికోసారి వచ్చేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. తొమ్మిదేళ్ళదాన్ని పెద్దది అనీ, ఆరేళ్ళదాన్ని చిన్నది అనీ నేను మనసులో పెట్టుకున్న పేర్లే చివరికి ఇల్లంతా పాకిపోయాయి. నాకు తెలుగు మాట వినపడేది ఒక్క డ్రైవర్ బాబాయి నోటనే. ఆయనది రాయచోటి, ఇరవై ఏళ్ళుగా అక్కడే కారు నడుపుతున్నాడు. నేను దిగిన రోజునే నన్ను పక్కకు పిలిచి, నాకు ముందు వచ్చిన అమ్మాయి వంట నచ్చక రెండో నెలలోనే తిప్పి పంపేశారని చెప్పాడు.

"ఆర్నెల్లు జాగర్తగా ఉండు పాపా. ఆ లోపల నచ్చకుంటే ఖలాస్, మళ్లా ఆఫీసుకు తోలేస్తారు. ఆర్నెల్లు దాటినాక నిన్నెవురూ కదిలించలేరు."

నాకు చలిజ్వరం వచ్చినంత పనయింది. అమ్మ మోకాళ్ళ ఆపరేషనూ, తమ్ముడి చదువూ అన్నీ నా మీదే ఉన్నాయి. ఆ సాయంత్రమే మరియమ్మ తల్లికి మొక్కుకున్నాను, ఆర్నెల్లు క్షేమంగా గట్టెక్కించు, అప్పటిదాకా తీపి ముట్టను అని. (చివర్లో చిన్న బెల్లంముక్కయినా నోట్లో పడందే భోజనం పూర్తయినట్టుండని మనిషిని. నా త్యాగం విలువ ఆవిడకు సరిగ్గా తెలియాలని అదే ఎంచుకున్నాను.) ఆవిడకు చేసిన మొక్కు పిల్లలకు శిక్షవుతుందని ఆవిడైనా అనుకుని ఉండదు.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత బడులు తెరిచారు. చిప్స్ పంపకూడదు, చాక్లెట్లు పంపకూడదు, ఇంట్లో చేసినవే పంపాలి అని బడి నుంచి కాగితం వచ్చింది. మేడమ్ సంతోషంగా వంటింట్లోకి వచ్చి, రోజూ పండ్ల మఫిన్లు చెయ్యి, నీకు బేకింగ్ వచ్చుగా అంది. చేసే పద్ధతి తన ఫోన్లో చూపించి, తెలుగులో చదివి వినిపించేలా నా ఫోన్‌కి పంపి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ మీట నొక్కాను. వార్తలు చదివే మగమనిషి గొంతొకటి గంభీరంగా, పండ్లను పిండిలోకి మృదువుగా మడవండి అంది. నేను చీరలు మడిచాను, దుప్పట్లు మడిచాను, పండ్లను ఎప్పుడూ మడవలేదు. అరటిపండు చక్రాలుగా కోసి, ఒక్కో చక్రాన్నీ మధ్యకు మడవబోతే విరిగిపోయింది. నారింజ తొనలు కొంత నయం, వంగాయి. అలా విరిగినవాటినీ వంగినవాటినీ పిండిలో పడేశాను. బేకింగ్ పౌడర్ రెండు చెంచాలు అంది గొంతు. అల్మరాలో బేకింగ్ అన్న మాట ఉన్న డబ్బాలు రెండున్నాయి. పదో తరగతి తెలుగు మీడియంలో గట్టెక్కినదాన్ని, మొదటి మాట కూడబలుక్కోగానే అలిసిపోయి రెండో మాట జోలికి పోలేదు. పెద్ద డబ్బా తీసుకుని, చిన్న చెంచా పిసినారితనంగా తోచి, కూర వడ్డించే చెంచాతో రెండు నిండుగా వేశాను.

అవన్ అద్దం ముందు టీవీ చూసినట్టు కూర్చున్నాను. మఫిన్లు నా కళ్ళ ముందే ఉప్పొంగి, నడినెత్తిన చిన్న గుంట పడి, ఇత్తడి చెంబు రంగుకు వచ్చాయి. అంత మంచి రంగు వచ్చినందుకు నాకు గర్వంగా అనిపించింది. రుచి చూద్దామంటే మొక్కు అడ్డం. మేడమ్ సన్నబడే దీక్షలో అన్నం, పిండి, చక్కెర మూడూ మానేసిన మనిషి. సారు ఖర్జూరం తప్ప మరో తీపి ముట్టడు. కాబట్టి వాటి రుచి తేల్చే భారం మొత్తం ఆ ఇద్దరు పిల్లల మీద పడింది. సాయంత్రం డబ్బాలు తెరిస్తే పొడి కూడా లేకుండా ఖాళీ. ఎలా ఉన్నాయని అడిగితే పెద్దది పైకప్పు వైపు చూస్తూ బాగున్నాయంది. చిన్నది అక్క వైపు చూసి బాగున్నాయంది. ఇక నాకు పట్టపగ్గాలు లేవు. ఒక్కొక్కరికి రెండు పెట్టేదాన్ని మూడు చేశాను. అమ్మకు ఫోన్ చేసి చెబితే, మా పిల్ల దుబాయ్‌లో కేకులు చేస్తోందని ఆవిడ వీధి వీధంతా చాటింది.

ఆర్నెల్లు నిండిన రోజు పొద్దున్న మేడమ్ కారెక్కుతూ రెండు మాటలు చెప్పింది. నిన్ను ఆఫీసుకు పంపే మాటే లేదు, నువ్వు మా దగ్గరే ఉంటావు అన్నది మొదటిది. రేపు పెద్దదాని తరగతిలో విందు ఉంది, నీ మఫిన్ల గురించి టీచరుకు చెప్పాను, నలభై చెయ్యి అన్నది రెండోది. మొదటి మాటకు కళ్ళు తుడుచుకున్నాను, రెండో మాటకు తల ఎగరేశాను. మొక్కు తీరింది కదా, పిల్లల్ని పంపాక మిగిలిన మఫిన్లలో ఒకటి పళ్ళెంలో పెట్టుకుని, టీ కలుపుకుని, దణ్ణం పెట్టి కొరికాను.

అంట్లు తోమే సబ్బులో నారింజ తొన నంజుకున్నట్టుంది. పొరపాటున ఇదొక్కటే ఇలా వచ్చిందేమోనని రెండోది కొరికాను. ముందుదానికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. అప్పుడు గుర్తొచ్చాయి, మూడు నెలలుగా ఖాళీగా వస్తున్న డబ్బాలు.

పిల్లల్ని దింపి బాబాయి తిరిగొచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. మఫిన్లు ఎవరు తింటున్నారని అడిగాను. ఆయన కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే అద్దం తళతళలాడుతోంది. మళ్ళీ అడిగితే, తలెత్తకుండానే చెప్పాడు.

"మేకలు తింటాండాయి పాపా."

ఊరి బయట సజ్జా అనే చోటుంది, దాని అవతల ఒక తోటలో ఆయన ఊరివాడు మేకలు కాస్తాడట. వారమంతా మఫిన్లను డిక్కీలో సంచిలో పోగేసి, శుక్రవారం తీసుకెళ్ళి అక్కడ పోస్తున్నాడట. మొదటి రోజు పాపం తనే ఒకటి తిన్నాడట, మధ్యాహ్నందాకా నమాజులో కూడా త్రేన్పులు ఆగలేదట. వారం రోజులు డిక్కీలో ఉన్నా ఒక్క చీమ కూడా పట్టలేదనీ, మేకలు మాత్రం సంచి చూడగానే పరిగెత్తుకొస్తాయనీ, నన్ను ఓదార్చడానికి కాబోలు, చెప్పాడు. మరి పిల్లలు ఏం తింటున్నారంటే, దారిలో కెఫెటేరియా దగ్గర ఆపి చీజ్ పరోటా ఇప్పిస్తున్నాడట.

"ఒక్క మాట నాతో చెబితే ఏం పోయేదండి బాబాయ్?" అన్నాను.

"నేను చెప్తాననే అన్యా. పెద్దపాప వద్దనె. ముందొచ్చిన అమ్మాయి కూర బాగలేదని ఈ పాపే వాళ్లమ్మకు చెప్పిన్యాది. మర్సనాడే ఆ అమ్మాయిని తోలేసిరి. ఈసారి ఎవురూ నోరు తెరిసేది లేదని చిన్నదాంతో గూడా ఒట్టేయించుకుండె."

నేను వంటింట్లోకి వెళ్ళాను. సిగ్గు ఎంతో, మరొకటి ఎంతో అప్పుడు తేల్చుకోలేకపోయాను. తేల్చుకునే తీరిక కూడా లేదు, నలభై మఫిన్లు ఎదురుగా ఉన్నాయి.

మధ్యాహ్నం పిల్లలు రాగానే, నాకు బేకింగ్ రాదు అని చెప్పాను. ఆ మాట అనడం అదే మొదలు. మాకు తెలుసు అంది పెద్దది. (పిల్లలతో నా సంభాషణ అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపిన గుజ్జు, దాన్నిక్కడ తెలుగులో వడగట్టి రాస్తున్నాను.) చేతులు కడుక్కుని స్టూలెక్కి, పెద్ద డబ్బా చూపించి ఇది సోడా, చిన్న డబ్బా చూపించి ఇది పౌడర్ అంది. నా కూర చెంచాను తీసి సింకులో పెట్టేసింది. మడవడమంటే గరిటెతో అడుగు నుంచి పైకి మెల్లగా తిప్పడమని చేసి చూపించింది. మూడు నెలలుగా నేను ఒక్కో నారింజ తొననూ ఎంత శ్రద్ధగా వంచుతున్నానో చెబితే, స్టూలు మీంచి జారిపడేంతగా నవ్వింది. మొదటి విడత దిగాక చిన్నదానికి ఒకటిచ్చాం. అది పక్కకు తిరిగి, ముందు వాసన చూసి, ఎలక కొరికినంత కొరికింది. తర్వాత మొత్తం తినేసి రెండోదానికి చెయ్యి చాపింది.

మర్నాడు విందులో నలభైకి నలభై అయిపోయాయి. టీచరు మెచ్చుకుందని మేడమ్ నాలుగు ఇళ్ళకు ఫోన్లు చేసింది. ఆ వారమంతా డబ్బాలు నిజంగానే ఖాళీగా వచ్చాయి. ఆ తర్వాత ఒక పొద్దున్న నేను పిండి కలుపుతుంటే చిన్నది నా కొంగు పట్టుకుని లాగింది. మఫిన్లు బాగుంటున్నాయి కాబట్టి బాబాయి పరోటా ఇప్పించడం మానేశాడట. మళ్ళీ పాత డబ్బాతో చేయవా అని చెవిలో అడిగింది.

అంటే వాళ్ళ మూడు నెలల మౌనంలో నా మీద ప్రేమ పాలెంత, పరోటా పాలెంత అనే సందేహం నన్ను చాలాకాలం వదల్లేదు. పోయినేడాది ఆ కుటుంబం వాళ్ళ దేశానికి వెళ్ళిపోతున్నప్పుడు, పెట్టెలు కడుతూ ఆ మాటే నవ్వుతూ పెద్దదాన్ని అడిగాను. అప్పటికది నా భుజం దాటి పెరిగింది. చిన్నదాని సంగతి తనకు తెలియదనీ, తను మాత్రం ఒక మఫిన్ మొత్తం తిన్నాననీ చెప్పింది. మా అమ్మ ఆపరేషన్ రోజట. నేను వంటింట్లో ఏడుస్తూ పిండి కలపడం చూసిందట. ఆ రోజు కారులో బాబాయి సంచి తెరిచినా తనది వెయ్యలేదట.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"చాలా ఘోరంగా ఉంది," అని నన్ను గట్టిగా వాటేసుకుంది.

ఇప్పుడు నేను పనిచేసే ఇంట్లో ఏం చేసినా ముందు నేనే రుచి చూస్తాను. రానిది రాదని చెప్పడం కూడా అలవాటైంది. కానీ ఒక్కోసారి ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల కళ్ళ ముందుకొస్తుంది. సింకు దగ్గర నిలబడి, ఖాళీ డబ్బాలు తోముతూ, షార్జాలో తనంత పనిమంతురాలు లేదని కూనిరాగం తీసుకుంటూ ఉంటుంది. వెనక్కి వెళ్ళి ఆమెను కలిసే వీలున్నా, నిజం మాత్రం చెప్పబుద్ధి కాదు. ఆ పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడతాను.