గడియార స్తంభం దగ్గర వండిన పప్పు

కోనసీమ మర్యాదకు పెట్టింది పేరు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే బడిలో సోషల్ టీచరుగా పనిచేస్తున్నదాన్ని, ఆ మర్యాద రుచి నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళలో తోటి టీచర్లెవరూ నన్ను ఒక్క దురుసు మాట అనలేదు. ‘అండీ’ లేకుండా పిలవలేదు. కానీ ఎవరి రిటైర్మెంటు విందుకైనా తలా ఒకటి వండి తెచ్చుకుందాం అనుకున్నప్పుడు మాత్రం, పులిహోర ఒకరికి, గారెలు ఇంకొకరికి పంచేసి, చివర్లో నా వైపు తిరిగేవారు. “తమరు అరటిపళ్ళు తెచ్చెయ్యండి మేడం, శ్రమ ఉండదు” అనేవారు. అరటిపళ్ళు కాకపోతే కొబ్బరి బొండాలు, అవీ కాకపోతే నీళ్ళ ప్యాకెట్లు. తొక్క గానీ సీలు గానీ ఉన్న వస్తువే నా వంతుకు వచ్చేది. మాది క్రైస్తవుల పేట. మా పేటలో వండింది తినం అని ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేకుండా అంతా సజావుగా జరిగిపోయేది.

అలాంటి వాళ్ళతో కలిసి నేను సమైక్యాంధ్ర కోసం రోడ్డు మీద కూర్చున్నాను. రాష్ట్రాన్ని విడదీస్తారన్న కబురు రాగానే అమలాపురం అమలాపురమంతా రోడ్డెక్కింది. బస్సులు ఆగిపోయాయి, బళ్ళు మూతపడ్డాయి, మేం సమ్మెలోకి దిగాం. నన్ను ఎవరూ బలవంతాన లాక్కెళ్ళలేదు. నేను పై చదువులు చదివింది హైదరాబాదులో. అక్కడి హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి మీది ఏ పేట అని అడక్కుండానే నా కంచంలోంచి ముద్ద తీసుకుని తినేది. ఊపిరి తీసుకోవడం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. ఆ ఊరు ఇక నీది కాదంటే ఒప్పుకోలేకపోయాను. గడియార స్తంభం దగ్గర టెంటులో లెక్కల మాస్టారు మైకు పట్టుకుని “తెలుగువాళ్ళమంతా” అంటే, “ఒక్కటే” అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

మా ఆయనది వరంగల్ వైపు. యూనివర్సిటీలో పరిచయం, ఆ తర్వాత పెళ్ళి. బ్యాంకు ఉద్యోగం, నా కోసమే అడిగి మరీ అమలాపురం వేయించుకున్నారు. గొడవలు మొదలయ్యాక కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళు ఆయన్ని పట్టుకుని “మీవాళ్ళకేం లోటండీ, మేం కట్టిన ఊరిని ఎత్తుకుపోతున్నారు” అంటూ నవ్వేవారు. నిన్నటిదాకా మేనేజరు గారూ అన్న నోళ్ళే అవి. ఆయన విసిగిపోయి సొంతవైపు ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకుంటానన్నారు. నేను ససేమిరా అన్నాను. ఇది నా ఊరు, వీళ్ళు నా మనుషులు, ఎందుకు వెళ్ళాలి అని రోజూ ఇంట్లో యుద్ధమే.

అదే సమయానికి లెక్కల మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. టెంటుకి పెద్ద ఆయనే.

“మీవారిని ఓసారి తీసుకొచ్చెయ్యండమ్మా. తెలంగాణా అల్లుడే సమైక్యం అన్నారంటే టీవీవాళ్ళు ఎగబడిపోతారండి.”

“ఆయన ఒప్పుకోవద్దా అండీ?” అన్నాను.

“రెండు ముక్కలు చాలమ్మా, ఆయ్. మనలో మనిషే కదండీ ఆయన కూడాను.”

మనలో మనిషి అన్న మాటకి నేను నిజంగానే పొంగిపోయాను. ఇంటికి వెళ్ళి ఈ మాట చెబితే మా ఆయన గట్టిగా నవ్వారు.

“నువ్వొండింది గా టెంటుల తింటరా?”

“ఎందుకు తినరు?”

“తిన్ననాడు నేనే వచ్చి మైకు పట్టుకుంట. ట్రాన్స్‌ఫర్ ముచ్చట మళ్ళ ఎత్తనే ఎత్త. తినకపోతే మనం పోవాలె. సరేనా?”

“మీ ఊళ్ళో మాత్రం దొరలు మీ ఇంట్లో భోంచేశారా ఏమిటి?” అన్నాను అక్కసుగా. వాళ్ళదీ మా పేట లాంటిదే, ఊరవతల.

“తినలే. మనమంత ఒక్కటే అని మైకుల గూడ చెప్పలే” అన్నారు.

నేను సరే అన్నాను. గెలుస్తాననే అనుకున్నాను. మా ఊరి మీద అంత నమ్మకం నాకు.

ఆ వారంలోనే టెంటువాళ్ళు వంటావార్పూ పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని, అక్కడే వరసగా కూర్చుని తినడం. ఉద్యమం రోజుల్లో ఊరూరా జరిగిందే. ఎప్పట్లాగే నన్ను నీళ్ళ ప్యాకెట్లు తెమ్మన్నారు. నేను అందరికన్నా ముందు వెళ్ళి, పెద్ద గిన్నె, కందిపప్పు, దోసకాయలు దింపి ఒక పొయ్యి వెలిగించాను.

“అయ్యో, తమరికెందుకండీ ఈ శ్రమ?” అంది హిందీ మేడం. బడిలో నాతో కాస్త చనువుగా ఉండేది ఆవిడే.

“ఇంట్లో రోజూ వండేదేనండీ” అన్నాను.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ వద్దనలేదు. వద్దనడానికి మర్యాద అడ్డొచ్చింది. పప్పు మెత్తగా ఉడికింది. ఇంగువ వేసి పోపు పెడితే కొట్ల ముందున్న వాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. సైన్సు మేడం వాళ్ళు అన్నం వార్చి, వంకాయ కూర దింపారు. అరిటాకులు పరిచారు. గరిటె నేనే పట్టుకుని వరస మొదట్లోంచి వడ్డించడానికి బయల్దేరాను.

“ఇవాళ నాకు పప్పు పడదండీ, గ్యాసు.” “డాక్టరు గారు కందిపప్పు మానెయ్యమన్నారండి.” “ఆయ్, తర్వాత వేయించుకుంటాలెండి.” ఒకాయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి కళ్ళు మూసుకుని దండం పెట్టాడు, నేనేదో ప్రసాదం తెచ్చినట్టు. వరస వరసంతా గ్యాసు రోగులైపోయారు! లెక్కల మాస్టారు సరిగ్గా అప్పుడే టీవీవాళ్ళు వచ్చారేమో చూడ్డానికి లేచి వెళ్ళారు. హిందీ మేడం మాత్రం ఒక్క గరిటె వేయించుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకులు తీసేటప్పుడు చూస్తే, ఆవిడ ఆకులో పప్పు ఓ మూలకి తోసేసి ఉంది, పైన వంకాయ తొడిమలు కప్పి ఉన్నాయి. నన్ను నొప్పించకూడదని పాపం అంత కష్టపడింది. ఆ క్షణాన ఆవిడ నన్ను ఎదురుగా తిట్టి ఉంటే ఆవిడ కాళ్ళకి దండం పెట్టేదాన్ని.

అప్పుడే మా ఆయన బ్యాంకులోంచి వచ్చారు. రోడ్డుకి అవతలే బ్యాంకు. మెట్ల మీంచి అంతా చూశారని తర్వాత తెలిసింది. ఆయన్ని చూడగానే లెక్కల మాస్టారు పరుగున వెనక్కి వచ్చి, “రండి రండి బావగారూ” అంటూ మైకు చేతికివ్వబోయారు. మా ఆయన మైకు అందుకోలేదు. ఒక ఆకు తీసుకుని, నా పొయ్యి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, “ఆకలైతాంది, పెట్టు” అన్నారు. అన్నంలో పప్పు కలుపుకుని, మారు అడిగి మరీ తిన్నారు. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను. సిగ్గుపడాల్సింది నేను కాదని ఆ పూటకి నాకు తట్టలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక గిన్నె తోముతూ కోపం పట్టలేకపోయాను. ఆయన పందెం సంగతి ఎత్తలేదు. నేనే ఎత్తాను.

“ఓడిపోయాను, తెలుసు. అయినా నేను రాను.”

“గింత జరిగినంక గూడనా?”

“ఇంత జరిగింది కాబట్టే రాను. వాళ్ళు నా పప్పు తినకపోతే ఈ ఊరు వాళ్ళదైపోతుందా? వాళ్ళ చేలన్నిట్లో వరి నాట్లు ఊడ్చింది మా అమ్మమ్మలు. కాలవల్లో పూడిక తీసింది మా తాతలు. నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడం వాళ్ళకి ఇష్టమా లేదా అని అడిగి ఉండాలా నేనిక్కడ? ఎవరితో కలిసి ఉండాలో, ఎక్కడ ఉండాలో నేను చెప్తాను. వాళ్ళెవరు చెప్పడానికి?”

ఆయన నా చేతిలోంచి గిన్నె అందుకున్నారు.

“మేం తెలంగాణోళ్ళం అడిగింది గదే గదనే” అన్నారు మెల్లగా. “గా మాటకే నువ్వు టెంటుల కూసొని ఒక్కటే అని అరిస్తివి.”

నాకు ఆయన మీదే కోపం వచ్చింది. తర్వాత ఆయన ట్రాన్స్‌ఫర్‌కి పెట్టుకోలేదు. నేను మళ్ళీ ఆ టెంటు వైపు వెళ్ళలేదు.