వేపాకు తిన్న పురుగు

మొన్న ఉప్మా కోసం రవ్వ జల్లిస్తుంటే జల్లెట్లో నాలుగు నల్లటి పురుగులు మిగిలాయి. ఆవగింజ కంటే కాస్త పొడుగు, వీపు మీద మెరుపు, అంచు ఎక్కి పారిపోవాలని ఒకటే ఆరాటం. పెరుగు తోడు కోసం వచ్చిన పొరుగింటి అమ్మాయి చూసి, "ఉండండి ఆంటీ, పేరేంటో ఇప్పుడే కనుక్కుందాం" అని తన ఫోను కెమెరాను వాటి మీదికి తిప్పింది. ఫోను కాసేపు ఆలోచించి మూడు పేర్లు చెప్పింది. ఇది కావచ్చు, అది కావచ్చు, రెండూ కాకపోతే ఇంకోటి కావచ్చునట. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వినందుకు మనసు చివుక్కుమంది. పురుగు పేరు చెప్పడంలో అనుమానమంటే ఏమిటో తెలియని మనిషి చేతుల్లో పెరిగినదాన్ని నేను. ఆ అనుమానం లేకపోవడమే మా కుటుంబాన్ని ముంచింది. ఫోనును వెక్కిరించే హక్కు ఇంకెవరికైనా ఉందేమో గాని నాకు లేదు.

మాది వడమాలపేట దగ్గర, బస్సు దిగి గంటసేపు నడిస్తే వచ్చే ఊరు. డెబ్బైల చివరి సంవత్సరాల మాట ఇది. ఇంట్లో నాయన, అమ్మ, నేను, నాయనను కన్న అవ్వ. అవ్వకు చదువు లేదు, బంగారం లేదు, పెద్ద నోరు కూడా లేదు. కానీ చుట్టుపక్కల నాలుగూళ్లలో ఎవరింట్లో నల్లపురుగు కనిపించినా అది మా ఇంటికే వచ్చేది. అగ్గిపెట్టెలో వచ్చేది, మోదుగాకు మడతలో వచ్చేది, చీరకొంగు ముడిలో వచ్చేది. అవ్వ అరుగు మీద కూర్చుని ముడి విప్పించి పురుగును అరచేతిలో వేసుకునేది. వేలితో బోర్లా తిప్పేది. అది చచ్చినట్టు నటిస్తుందా, లేచి పరుగెడుతుందా చూసేది. వాసన చూసేది. అన్నీ అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వేసేది: "దేంట్లో దొరికింది?"

అవ్వ శాస్త్రమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నల్లపురుగులన్నీ చూపుకు ఒకే రకంగా ఉంటాయి గనుక మొహం చూసి లాభం లేదని, తిండి చూసి పోల్చుకోవాలని ఆమె లెక్క. బియ్యంలో దొరికి మూతి సన్నగా ముందుకు పొడుచుకొని ఉంటే ముక్కపురుగు. ఉలవల్లో, అలసందల్లో గుండ్రటి కంత చేసుకొని బయటికొస్తే పుచ్చుపురుగు. దూలం కింద పిండి రాలుతుంటే కట్టెపురుగు, దాన్ని చూడనక్కర్లేదు, చెవి ఆనించి వింటే చాలు. పెరట్లో అలసంద పూల మీద వాలేదాన్ని ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఎరువు దిబ్బలో దొర్లేది పేడపురుగు, దాని జోలికి పోతే అవ్వకు కోపం. ఒకసారి మా బడి అయ్యవారు తన పుస్తకాల బీరువాలో దొరికిన పురుగును కాగితంలో చుట్టి తెచ్చి, "చూడవ్వా, నా పుస్తకాలు చదివేస్తోంది" అన్నారు. అవ్వ పురుగును వదిలేసి పుస్తకం అట్టను వాసన చూసింది. "అది సదివేదానికి రాలేదయ్యోరా, అట్టకు పూసిన గంజి తినేదానికి వచ్చింది" అంది. అయ్యవారు అట్టలన్నీ ఎండలో పెట్టారు, పురుగు పోయింది. ఆయన ఆ తర్వాత చాలాకాలం మా తరగతిలో ఈ సంగతి చెప్పి, అవ్వకు జీతం ఇప్పించి బళ్లో పెట్టాలని అంటుండేవారు.

అమ్మకు మాత్రం ఈ వైభవం బొత్తిగా గిట్టేది కాదు. అన్నం వడ్డించి పిలిస్తే అవ్వ పురుగును వదిలి వచ్చేది కాదు మరి. "ముక్కపురుక్కిచ్చే మర్యాదలో సగం నాకిస్తే సాలు" అని అమ్మ వంటింట్లో గిన్నెలకు చెప్పుకునేది. నాయన ఆ మాట విని మీసాల్లో నవ్వుకునేవాడు. అవ్వ చెప్పే మందు ఏ పురుగుకైనా ఒకటే, వేపాకు. నీడలో ఎండబెట్టిన వేపాకును గాదెలో వరుసగా పరచడం, కుండల అడుగున వేయడం, పెట్టెలో చీరల మడతల్లో పెట్టడం ఆమె ఎవరికీ వదలని పని. మా ఇంట్లో నేను తిన్న ప్రతి ముద్దలోనూ కాస్త వేపవాసన ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

నేను చెప్పబోయే ఏటికి ముందు రెండేళ్లు వానల్లేవు. మాది మానావారి చేను, అంటే వాన పడితేనే పంట, లేకపోతే దుమ్ము. వేసేది శెనిక్కాయ, అదే వేరుశెనగ. రెండు పంటలు కళ్లముందే మాడిపోయాక నాయన ఒకరోజు భోజనం మధ్యలో చెయ్యి ఆపి అన్నాడు: "ఈ తూరి గూడా పోతే నా వల్ల గాదు మా. సేను ఎవురికన్నా వదిలేసి తిరుచానూరులో ఏదన్నా లాడ్జీలో పనికి పోతా." ఆ రోజు నుంచి అవ్వ రోజూ చేనుకు వెళ్లి గెనిమ గట్టు మీదున్న వేపచెట్టుకు దండం పెట్టుకునేది. చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ఒకటి ఉంది, అది మా గంగమ్మ. తన కొడుకు ఎవరో వచ్చి పోయే గదుల్లో పక్కబట్టలు దులుపుతూ బతకడమన్న ఊహే ఆమెకు మింగుడుపడలేదు.

గంగమ్మ జాతర అయిన కొద్దిరోజులకు వాన పడింది. చినుకులు కాదు, వాన. వంకలు పారాయి. మరునాటి సాయంత్రం పొద్దుగూకుతుండగా చేనులోంచి పురుగులు లేచాయి. చింతగింజంత ఉంటాయి, నల్లగా, గట్టి పెంకుతో. నేల అక్కడక్కడ బొరియలు పడి వాటిని బయటికి తోస్తున్నట్టు కనిపించింది. లేచినవి లేచినట్టు గుయ్యిమంటూ వేపచెట్టు మీద వాలాయి. తెల్లారి చూస్తే చెట్టు కింద ఆకుముక్కలు, పైన రెమ్మలకు ఈనెలు. పురుగు ఒక్కటీ లేదు, అన్నీ మళ్లీ మట్టిలో దూరాయి.

వ్యవసాయ శాఖ తరఫున మా ఊరికి అప్పుడు కొత్తగా వచ్చిన గ్రామసేవకుడు ఆ పొద్దునే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లవాడు, సంచిలో ఒక నోటుపుస్తకం. ఆయన రైతులందరినీ చెట్టు కిందికి పిలిచి, ఐదారు సాయంత్రాలు కొమ్మలు కొట్టి, మిగిలినవి దులిపి, రాలిన పురుగులను కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసి చంపాలని చెప్పాడు. నాయన గడకర్ర సిద్ధం చేసుకున్నాడు. కానీ పురుగు మాట వచ్చాక అవ్వను అడక్కుండా ఎవరు చెయ్యి పెడతారు? అవ్వను పిలిచారు. నేను ఆమె చెయ్యి పట్టుకొని నడిపించుకెళ్లాను. గ్రామసేవకుడు మట్టి తవ్వి ఒక పురుగును తీసిచ్చాడు. అవ్వ అరచేతిలో వేసుకొని చూసింది. రోజూ వేసే ప్రశ్న వేయలేదు. తల ఎత్తి, తినేసిన వేపరెమ్మలను చూసింది.

"వేపాకు తినే పురుగప్పా ఇది" అంది. "యే పురుగన్నా వేపాకు వాసనకే పారిపోతాది. ఇది దాన్నే తిని బతకతా ఉండాది. ఇది అమ్మోరి పురుగు. దీన్ని సంపుతారా?"

"అవ్వా, ఆకు తినేది తల్లిపురుగు" అన్నాడు ఆ అబ్బాయి నోటుపుస్తకం తెరిచి. "అది మట్టిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు తెల్లగా, లావుగా ఉంటాయి. అవి శెనిక్కాయ వేర్లు కొరికేస్తాయి. దీంట్లో తల్లి తిండి వేరు, పిల్ల తిండి వేరు."

అవ్వ నవ్వింది. ఎగతాళిగా కాదు, చిన్నపిల్లల మాట విన్నట్టు నవ్వింది. "తల్లి వేపాకు తింటాది, బిడ్డ శెనిక్కాయ ఏరు తింటాదా? యాడన్నా ఉండాదా నాయినా ఈ సోద్యం! అమ్మోరి సెట్టు మింద కత్తి పెట్టొద్దండప్పా."

గ్రామసేవకుడు నాయన వంక చూశాడు. నాయన గడకర్ర పట్టుకొని ఇటు తల్లిని, అటు ఆ అబ్బాయిని మార్చి మార్చి చూశాడు. చివరికి, "మా అమ్మ ఇంతవరకూ ఒక్క పురుగు గూడా తప్పు సెప్పలేదు సార్" అని గడకర్రను గెనిమకు ఆనించాడు. అది నిజమే. ఆ పక్క చేల రైతులు కూడా తమ కర్రలు దించారు. నేను చప్పట్లు కొట్టాను. మా అవ్వ గెలిచిందని నాకు సంబరం. ఒక పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకొని, అమ్మవారి పురుగని వేపచిగుళ్లు మేపుతూ నాలుగు రోజులు పెంచాను కూడా. ఆ చప్పట్లు ఎవరికీ గుర్తుండవు గాని నన్ను మాత్రం వదల్లేదు.

విత్తనం పడింది, మొలిచింది. ఆ ఏడు మొలక చూసి అమ్మ కూడా అవ్వతో నవ్వుతూ మాట్లాడింది. కలుపు తీశారు. పసుపుపచ్చ పూలు వచ్చాయి. ఆ తర్వాత చేను నడిమధ్యలో ఒకచోట, చాప పరిచినంత మేర, ఆకులు వాలాయి. నీళ్లు చాలక అనుకున్నారు. రెండురోజులకు ఆ చాప పెద్దదైంది, ఇంకా నాలుగు చోట్ల కొత్తవి పడ్డాయి. నాయన ఒక శెనిక్కాయ చెట్టు పట్టుకొని లాగితే ఏ పట్టూ లేకుండా చేతికొచ్చేసింది. కింద వేరు లేదు. పారతో తవ్వితే తెల్లగా, లావుగా, వంకర తిరిగిన పురుగు ఒకటి మట్టిలో పడుకొని ఉంది.

నాయన దాన్ని అరచేతిలో పెట్టుకొని ఇంటికొచ్చాడు. అవ్వ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నాయన చెయ్యి చాపాడు. అవ్వ ఎప్పుడూ నల్లవి చూసిందే గాని ఇలాంటిదాన్ని చూడలేదు. అలవాటు కొద్దీ అడిగింది, "దేంట్లో దొరికింది?"

"శెనిక్కాయ ఏర్లో మా" అన్నాడు నాయన.

అవ్వ చేతిలోని చింతపండు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఎవరూ రావద్దని చెప్పి ఒంటరిగా చేనుకు పోయింది. అమ్మ నన్ను వెనకాల పంపింది. నేను వెళ్లేసరికి ఆమె పైరు వాడిన చోటల్లా కూర్చుని చేతులతో మట్టి తవ్వుతోంది. ఒకచోట చూసి, మరోచోటికి డేకుతూ పోయి అక్కడ తవ్వుతోంది. ఒక్కచోటైనా ఆ పురుగు లేకుండా ఉంటుందేమోనని వెతికినట్టుంది. అన్నిచోట్లా ఉంది. నేను "అవ్వా, ఇంటికి పోదాం రా" అని ఏడిచాను. ఆమె నన్ను చూడలేదు.

గ్రామసేవకుడు మళ్లీ వచ్చాడు. ఏదో మందుపొడిని మట్టిలో కలిపించాడు గాని అప్పటికే ఆలస్యమైందని ఆయన మొహమే చెప్పింది. 'నేను ముందే చెప్పలేదా' అన్న మాట ఆయన నోట రాలేదు. అవ్వే ఆయన ముందుకెళ్లి నిలబడి, "తల్లి తిండి వేరని సెప్పినావు గదా నాయినా. నేను నగినాను" అంది. ఆయన సైకిలు హ్యాండిల్ పట్టుకొని తల దించుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

తిట్టినవాళ్లు ఎవరూ లేరు. పక్క చేలూ అలాగే పోయాయి, అవ్వ మాట విని కర్రలు దించినవాళ్లవే అవన్నీ. అయినా ఒక్కరు కూడా మా గుమ్మం ముందు నిలబడి మాట అనలేదు. కొన్నాళ్లకు పక్కింటి పెద్దమ్మ కంతలు పడిన అలసందలు చేటలో తెచ్చి, "ఇదేం పురుగో సూడత్తా" అంది. అది పుచ్చుపురుగని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె చేను కూడా పోయింది పాపం, అయినా అవ్వను మళ్లీ మనుషుల్లో పెట్టాలని వచ్చింది. అవ్వ చేట వంక చూసింది. రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది. "నాకు తెల్దు మే" అంది. లోపల అమ్మ, అన్నేళ్లు ఆ పురుగుల కొలువును తిట్టుకున్న అమ్మ, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

దీపావళి లోపలే నాయన తిరుచానూరుకు పోయాడు. అన్నట్టే ఒక లాడ్జీలో పని. యాత్రికులు ఖాళీ చేసిన గదులు ఊడ్చి, దుప్పట్లు మడిచి, బకెట్లతో నీళ్లు మోసేవాడు. ఏడాది తిరక్కుండానే చేను వేరేవాళ్ల చేతికి పోయింది, మేమూ తిరుపతిలో ఒక ఒంటి గదికి చేరాం. నాకు చదువు దొరికింది అక్కడే, ఉద్యోగమూ దొరికింది. చెడులోంచి మంచి జరిగిందని మా బంధువులు ఇప్పటికీ అంటారు. నేను వాళ్ల మాటకు అడ్డు చెప్పను, ఒప్పుకోను కూడా. ఒంటి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న అవ్వ వీపును చూస్తూ చదువుకున్నదాన్ని నేను. నాయన తల్లిని ఒక్క మాట అనలేదు. వారానికొకసారి ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చునేవాడు.

ఒకసారి కొట్లో తెచ్చిన బియ్యంలో పురుగు పడింది. అమ్మ కావాలనే పళ్లెం తీసుకెళ్లి అవ్వ ముందు పెట్టి, "ఇది ముక్కపురుగే గదత్తా? ఒక్కసారి సూడు" అంది. అవ్వ ఆ పళ్లెంలోకి చూసింది. చూస్తూనే పోల్చుకుందని ఆమె కళ్లలో నాకు తెలిసింది. కానీ పళ్లెం పక్కకు జరిపేసింది. "నన్ను అడగొద్దు మా. నేను సెప్తే మీరు నమ్ముతారు" అంది.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఎప్పుడు వాన పడినా కిటికీ తలుపు మూసేయమనేది. మేం మూసేవాళ్లం. అవ్వ తప్పు చెప్పింది ఒక్కసారే, అదీ ఎప్పుడూ సరిగ్గా చెప్పే దారిలోనే వెళ్లి చెప్పింది. నలభై ఏళ్లు నిజం చెప్పిన మనిషిని ఒక్క వానాకాలం మింగేసింది. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వచ్చినా, వాటిలో ఒక్కటైనా ఆమెను మాకు తిరిగి తెచ్చివ్వలేదు.