బిడ్డను ఎవరు బయటికి తేవాలి

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, మే నెల ఎండల్లో, కర్నూలు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంట్‌గా వెళ్లాను. నర్సులు, ఆయాల డ్యూటీలు వేయడం నా పని. నేను రూల్సు మనిషిని. వంటింట్లో ఉప్పుడబ్బాకు కూడా లేబుల్ అంటిస్తానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

చేరిన వారానికే కాన్పుల వార్డులో ఒక ఆర్డర్ అంటించాను. పుట్టిన బిడ్డ చేతికి కట్టిన ట్యాగ్‌ను తల్లి కేస్‌షీట్‌తో సరిచూసి, ఇకమీదట స్టాఫ్ నర్సే బంధువులకు అప్పగించి సంతకం తీసుకోవాలి. ఆ ఆర్డర్‌కు ముందు బిడ్డను బయటికి తెచ్చేది ఆయాలే. బిడ్డలు తారుమారవుతారేమోనని నా భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

నెల తిరక్కుండానే ఓబులమ్మ బదిలీ అర్జీ పట్టుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ వార్డును మోస్తున్న ఆయా. నొప్పులు పడే ఆడవాళ్లు డాక్టరమ్మ మాట వినకపోయినా ఆమె మాట వినేవాళ్లు. ఆమె పోతే వార్డు కుంటుపడుతుంది. పని భారమైందేమో అనుకుని, ఓపీలో కూర్చునే డ్యూటీ వేస్తానన్నాను. ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

“కూచునేకి నాకు ఇల్లు ఉండాది మేడమ్,” అంది. “నెత్తురు గుడ్డలు కడుగుతాండా, ఏ పొద్దన్నా కాదన్నానా? బిడ్డను ఎత్తుకపోయి వాల్లకు చూపిచ్చి వచ్చినాక కడిగితే అది పనే అనిపిచ్చేది కాదు. ఇప్పుడు ఉత్త గుడ్డలే మిగిలినాయి నాకు.”

సిగ్గేసింది. మరుసటి రోజే ఆర్డర్ తిరగరాశాను. ట్యాగ్, సంతకం నర్సు చూసుకోవాలి. బిడ్డను ఎత్తుకెళ్లి కబురు చెప్పేది ఆయా. ఇద్దరూ కలిసే తలుపు దాటాలి.

ఆ మధ్యాహ్నం నేనూ వరండాలో నిలబడ్డాను. నందికొట్కూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గోడకానుకొని ఉన్నాడు. నా మొదటి ఆర్డర్ వచ్చినప్పటి నుంచి మా నర్సు చెప్పే కబురు, “ఫిమేల్ బేబీ, రెండున్నర కేజీలు, ఇక్కడ సంతకం పెట్టండి.” ఓబులమ్మ అలా చెప్పలేదు.

“ఏమప్పా, నీ కూతురు బాగుండాది. శానా ధైర్యం చేసింది. ఇదో, నీ మనమరాలు.”

ముందు తల్లి సంగతి చెప్పడం ఆమె పద్ధతి. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వాడు. మా నర్సు సంతకాల పుస్తకం చంకలో పెట్టుకుని తనూ నవ్వింది. నాకు పట్టరానంత సంతోషం కలిగింది.

సాయంత్రం ఓబులమ్మను పిలిచి, అర్జీ ఏం చేయమంటావని అడిగాను. “చించేయండి మేడమ్. ఆడ ఇంకో కాన్పు ఉండాది,” అని ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏ ఆర్డర్ రాసినా, ముందు ఆ పని చేసేవాళ్లను పిలిచి, ఇందులో మీకు ఇష్టమైనదేదైనా పోతోందా అని అడిగేదాన్ని. చాలాసార్లు పోతూనే ఉండేది.