ఒకే ఇంట్లో రెండు కెమెరాలు

గురజాలలో ముస్లింల ఇళ్ళలో పెళ్ళి జరిగితే ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీయడానికి చాలా ఏళ్ళపాటు ఒక్క మనిషే ఉండేది. ఆమె పేరు నాజియా. పుట్టిల్లు మాచర్ల. మామ ఇమాం సాహెబ్‌ది పరుపుల కొట్టు. పెద్ద కొడుకు అయాజ్ ఆ కొట్టులో సగం అడ్డుగోడ కట్టించుకుని ఫోటో స్టూడియో పెట్టాడు. ఆ అయాజ్ భార్యే నాజియా.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు బాగుచేసేది. ముఖాల మీద మచ్చలు తీసేయడం, వెనక నీలం రంగు పెట్టడం, చెదిరిన జుట్టు సర్దడం. ఫోటోషాప్‌లో ఆమె చెయ్యి వేగంగా కదిలేది. ఒకసారి ఓ పెళ్ళిలో అయాజ్‌ను ఆడవాళ్ళ గదిలోకి రానివ్వలేదు. అతను వాకిట్లోనే నిలబడి కెమెరా భార్య చేతికిచ్చాడు.

"కెమెరా ఆటో మోడ్‌లో పెట్టా. ఏమీ తిప్పమాక. నొక్కుకుంటా పో" అన్నాడు.

ఆమె నొక్కుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆమెకు కెమెరా నాజియా అని పేరు. హిందువుల ఇళ్ళలో కూడా ఓణీల ఫంక్షన్లకు, సీమంతాలకు ఆమెనే పిలిచేవాళ్ళు. ఆడమనిషైతే పిల్ల సిగ్గుపడదని వాళ్ళ మాట. నాజియా హాల్లోకి అడుగు పెడితే పెద్దవాళ్ళు కూడా పమిట సర్దుకుని నిలబడేవాళ్ళు. ఆ క్షణం ఆమెకు చాలా ఇష్టం.

అయాజ్ తమ్ముడు ముజమ్మిల్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అతనికి నరసరావుపేట పిల్ల ఫాయిజాతో పెళ్ళయింది. ఫాయిజా డిగ్రీ చదివింది. చీరలమ్మే ఒకామె ఇంటర్నెట్లో పెట్టుకోవడానికి ఫోటోలు తీసిపెడుతూ ఈ పని సొంతంగా నేర్చుకుంది. అత్తారింటికి వస్తూ బట్టల పెట్టెతో పాటు చిన్న మిర్రర్‌లెస్ కెమెరా తెచ్చుకుంది. దానికి బెత్తెడు కూడా లేని ఒక్క లెన్సు. జూమ్ లేదు.

నాజియా దాన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వింది. "ఇదేంది, పిల్లలాడుకునే బొమ్మలా ఉంది. దగ్గరికి రావాలంటే ఎట్టా?"

"మనమే దగ్గరికి పోవాలక్కా" అంది ఫాయిజా.

మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్ళింది గురజాలలోనే ఒక నిఖాకు. నాజియా ఎప్పటిలాగే ఫ్లాష్ వేసి, అందరినీ వరసగా నిలబెట్టి తీసింది. ఫాయిజా ఎవరినీ నిలబెట్టలేదు. కిటికీ పక్కన నేల మీద కూర్చుంది. పెళ్ళికూతురి చెవికి దుద్దు పెడుతున్న అక్కని, ఆకలేసి ఏడుస్తున్న పిల్లాణ్ణి, గోరింటాకు చేతుల్తో సెల్‌ఫోన్ ఎత్తలేక అవస్థ పడుతున్న చెల్లెల్ని తీసింది. తీస్తూ వాళ్ళతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది.

మర్నాడు స్టూడియోలో రెండు కెమెరాల ఫోటోలూ ఒకే తెర మీద పడ్డాయి. అయాజ్ తన భార్యవి గబగబా దాటేశాడు. ఫాయిజావి వచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదించింది. ఒక్కో ఫోటో దగ్గర ఆగాడు. వెనక నిలబడిన నాజియా తెర వైపు కాదు, ఆగిన ఆ చేతి వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఇలాంటివి ఒకటొకటిగా పోగయ్యాయి. ఫోన్ చేసినవాళ్ళు "చిన్నామె వస్తుంది గదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఇమాం సాహెబ్ పరుపు కుడుతూ కొట్టుకొచ్చిన వాళ్ళకి చిన్న కోడలు తీసిన ఫోటోలు ఫోన్లో చూపించేవాడు. పెద్ద కోడలు ఇన్నేళ్ళు తీసిన వాటిలో ఒక్కటి కూడా ఆయన ఫోన్లో లేదు. ఆ సంగతి నాజియా ఆయన ఫోన్ తీసి చూసి మరీ తెలుసుకుంది.

కంప్యూటర్ నిండిపోతోందని ఒకరోజు ఆమె ఫాయిజాను నిలదీసింది. "నీ ఒక్క ఫోటో నావి ఏడెనిమిదింటి చోటు తింటంది. ఏందివి? మామూలుగా తెరిస్తే తెరుచుకోవు కూడా."

"అవి రా ఫైళ్ళక్కా. నువ్వు తీసే జేపెగ్ పొయ్యి మీంచి దించిన కూర. ఉప్పెక్కువైతే ఇంక తీయలేం. రా అంటే కడిగి తరిగి పెట్టుకున్న కూరగాయలు. ఇంటికొచ్చి మనకి కావాల్సినట్టు వండుకోవచ్చు. రంగు తేడా వచ్చినా, వెలుగు ఎక్కువైనా లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో చానా వరకు సరిచేసుకోవచ్చు. నీక్కూడా నేర్పిస్తా, రెండు రోజుల పని."

"మాకు మొదటే సరిగ్గా వండటం వచ్చులే" అంది నాజియా.

నేర్చుకోవాలని ఆమెకు లోపల ఉంది. ఫాయిజా దగ్గర నేర్చుకోవడమే ఇష్టం లేదు.

ఆ వేసవిలో అయాజ్ స్టూడియోకి కొత్త సరుకు కొందామనుకున్నాడు. ఇద్దరినీ గుంటూరు తీసుకెళ్ళాడు. ఫాయిజా కొట్టులో ఉన్నవన్నీ చూసి, స్టూడియోలో ఉన్న పాత కెమెరాకే ఒక మంచి లెన్సు కొనమంది. తక్కువ వెలుతురులో పనికొచ్చేది, ఫ్లాష్ అక్కర్లేనిది. కెమెరా పాతదైనా ఫర్వాలేదు, లెన్సు పదేళ్ళు ఉంటుందని చెప్పింది. ఆ మాట చెప్పింది ఫాయిజా కాబట్టి నాజియా ఒప్పుకోలేదు. అద్దాల బీరువాలో ఉన్నవాటిల్లో పెద్ద కెమెరా, మెగాపిక్సెళ్ళు ఎక్కువున్నది, చూపించి అదే కావాలంది. లెన్సుకు ఇంక మిగలలేదు. కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్సుతోనే తిరిగొచ్చారు.

కొత్త కెమెరా మెడలో వేసుకుని వెళ్ళిన మొదటి ఫంక్షన్లో జనం దాన్ని చూశారు. ఫోటోలు మాత్రం పాత ఫోటోల్లాగే వచ్చాయి, కాకపోతే పెద్దవి. నాజియా వాటిని ఒక్కతే కూర్చుని చూసుకుంది. కొనేటప్పుడు ఎందుకు పట్టుబట్టానా అని అనిపించింది. ఆ కోపం కూడా తిరిగి ఫాయిజా మీదికే పోయింది.

అచ్చంపేటలో మిర్చి వ్యాపారి ఖాజా మొహిద్దీన్ కూతురి పెళ్ళి అప్పుడే కుదిరింది. పెద్ద పెళ్ళి. పెళ్ళికూతురే ఫోన్ చేసి, "నా పక్కన ఫాయిజా ఉండాలి, స్టేజీ పెద్దక్క చూసుకుంటుంది" అని చెప్పింది. స్టేజీ ఫోటోలంటే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. నాజియా సరేనంది.

ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళ వైపంతా, లోపలి గదితో సహా, ఊదారంగు లైట్లు పెట్టారు. మనుషుల ముఖాలు నేరేడు పళ్ళలా ఉన్నాయి. భోజనాలకు ముందు ఫాయిజా చేతులు కడుక్కోవడానికి లేచి, "అక్కా, నా కెమెరా కాస్త చూస్తుండు" అని నాజియా పక్క కుర్చీలో పెట్టి వెళ్ళింది.

నాజియా దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఎన్నోసార్లు దూరం నుంచి చూసిన మెనూ అది. రా అని ఉన్న చోట చిన్న సైజు జేపెగ్ అని మార్చింది. ఒక్కసారి ఈ ఫాయిజాకీ తెలియాలి, ఎప్పుడూ బాగా రావడం ఎవరి వల్లా కాదని. అంతే అనుకుంది. కెమెరాను మళ్ళీ కుర్చీలో, ఫాయిజా పెట్టినట్టే పెట్టింది.

ఫాయిజా వచ్చేసరికి లోపలి గది నుంచి పిలుపు. పెళ్ళికూతురి నాయనమ్మ ఖైరున్నీసా వచ్చిందట. ఆధార్ కార్డుకు తప్ప ఆమె జీవితంలో ఎప్పుడూ ఫోటో దిగలేదు. కెమెరా కనిపిస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. ఫాయిజా హడావుడిగా కెమెరా అందుకుని వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏం మాట్లాడిందో ఏమో, కాసేపటికి ముసలామె కొంగు తీసి, మనవరాలి గడ్డం పట్టుకుని బోసినోటితో నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడి నాజియా అంతా చూసింది. తను కూడా కెమెరా ఎత్తింది. ఎత్తేలోపే ముసలామె కొంగు మళ్ళీ ముఖం మీదికి వచ్చేసింది.

ఇంటికొచ్చి కార్డు పెట్టి చూసుకున్న ఫాయిజా ముఖం పాలిపోయింది. పొద్దున తీసినవన్నీ బాగున్నాయి. భోజనాల దగ్గర్నుంచి అన్నీ చిన్న జేపెగ్‌లు. ఊదారంగు ముఖాల్లోకి ఇంకిపోయింది. ఎంత సరిచేసినా బుగ్గల మీద రంగు ముద్దలు ముద్దలుగా పేరుకుంటోంది. ఆల్బంలో నిండు పేజీకి రావాల్సిన నాయనమ్మ ఫోటో కూడా అంతే.

"సెట్టింగు చూసుకోకుండా తీస్తారా ఎవరన్నా?" అన్నాడు అయాజ్. "ఇక మీదట పెద్ద పెళ్ళిళ్ళకి మీ అక్క ఒక్కతే పోతది. నువ్వు కొన్నాళ్ళు కంప్యూటర్ పని చూడు."

ఫాయిజా కంప్యూటర్లోంచి కార్డు తీసింది. "ఎప్పుడు నొక్కుకుపోయిందో తెలీలా బావా" అంది. ఆ రోజు నాజియాకు అన్నం రుచిగా అనిపించింది. ఆ మాట ఆమె తర్వాత తనలో తానే ఒప్పుకుంది.

ఆల్బం ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. నాయనమ్మ ఫోటో లేకుండా పెళ్ళికూతురు ఒప్పుకోదు. ముసలామె మళ్ళీ కూర్చోదు. ఫాయిజా ఆ ఒక్క ఫోటో ముందు మధ్యాహ్నాలన్నీ కూర్చుని విసిగిపోయి లేచింది. ఆ కుర్చీలో నాజియా కూర్చుంది. జాలితో కాదు, ఫాయిజాకు చేతకానిది తాను చేసి చూపించాలని.

ఫోటోలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ పొరల్ని విడివిడిగా తెరిచింది. ఊదాలో ఉండేవి ఎరుపూ నీలమే కాబట్టి ఆ రెండూ నిండిపోయి ముద్దయ్యాయి. ఆకుపచ్చ పొరలో మాత్రం ముఖం ఉంది. ముడతలు, కళ్ళు, చిగుళ్ళు, గడ్డం పట్టుకున్న వేళ్ళు, అన్నీ ఉన్నాయి. ఆ పొరనే నలుపు తెలుపు ఫోటోగా చేసి, ఇసుక చల్లినట్టున్న గరుకుదనాన్ని చేత్తో కొద్దికొద్దిగా తుడిచింది. నిండు పేజీకి సరిపోదు. పోస్టుకార్డంత సైజుకు బాగా వచ్చింది.

ఫాయిజా చూసి, "నాకు ఇది తట్టనే లేదక్కా" అంది. ఆ మాట కోసమే కదా ఇదంతా. విన్నాక మాత్రం నాజియా ఆమె ముఖం వైపు చూడలేకపోయింది.

ఆల్బం ఇవ్వడానికి ఇద్దరూ అచ్చంపేట వెళ్ళారు. పెళ్ళికూతురు అన్ని పేజీలూ తిప్పి ఆ చిన్న ఫోటో దగ్గర ఆగింది. నాయనమ్మను పిలిచి చూపించింది. ఖైరున్నీసా కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ ఫోటో ఇట్టా రావడానికి మా అక్కే కారణం నాయనమ్మా. పాడైపోతే బాగుచేసింది" అంది ఫాయిజా.

"కానీలేమ్మా" అని ముసలామె ఫాయిజా చెయ్యి పట్టుకుంది. "నన్ను నవ్వించింది నువ్వు గదా."

తిరుగు ప్రయాణంలో బస్సు పిడుగురాళ్ళ చేరింది. బస్సు కిటికీ పక్కన ఫాయిజా తన కెమెరా మెనూ తెరిచి చూసుకుంటోంది. ఈమధ్య అది అలవాటైంది ఆమెకి, మాటిమాటికీ తెరిచి చూసుకోవడం.

"నాకు మతిమరుపు వస్తందేమో అక్కా" అంది. "ఆ రోజు మార్చిన గుర్తే లేదు. ఏదన్నా ముట్టుకోవాలంటే భయమేస్తంది."

"నువ్వు మార్చలా" అంది నాజియా. గొంతు కోపంగానే వచ్చింది. "నేనే మార్చా. నువ్వు చేతులు కడుక్కోడానికి పోయినప్పుడు."

ఫాయిజా కెమెరా మూసేసింది. బస్సు ఊరు దాటాక నాజియా వైపు తిరిగింది.

"ఎందుకు?"

"నీ ఫోటోలు బాగుంటాయని."

ఫాయిజా లేచి వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.

ఇంట్లో ఆమె గొడవ చేయలేదు. ముజమ్మిల్‌కు మాత్రం చెప్పింది. అతను అన్నతో చెప్పాడు. అయాజ్ భార్యతో చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. ఇమాం సాహెబ్ ఒక్క మాట అన్నాడు. "ఇంట్లో దొంగ ఉందని తెలిసినాక తలుపు ఏడ వేసుకోవాలే?" ఆ మాట నాజియా ఎన్నటికీ మర్చిపోలేదు. రంజాన్ వెళ్ళాక ముజమ్మిల్, ఫాయిజా నరసరావుపేటలో ఇల్లు తీసుకున్నారు. ముందు గదిలో అతనిది సెల్‌ఫోన్ల పని, లోపలి గదిలో ఆమెది స్టూడియో.

గురజాలలో మళ్ళీ ఒక్క నాజియానే మిగిలింది. కోరుకున్నది అదే. కానీ పొద్దున్నే ఫోన్ తీసి ఫాయిజా వాట్సాప్ స్టేటస్ చూడందే ఆమెకు టీ దిగేది కాదు. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, వెలుతురు ఎటు నుంచి వచ్చిందో వెతికేది. ఒళ్ళు మండేది. మండుతూనే వీడియోలు చూసి రా ఫైళ్ళతో పని నేర్చుకుంది. మొండిపట్టుతో కొన్న పెద్ద కెమెరాకు, ఆ రోజు ఫాయిజా చూపించిన లెన్సే తెప్పించింది. పెళ్ళికూతుళ్ళను నిలబెట్టడం మానేసి వాళ్ళ పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మాట కలపడం మాత్రం ఆమెకు ఇప్పటికీ తేలిగ్గా రాదు.

పోయిన శీతాకాలం శావల్యాపురంలో ఒక రైతు ఇంట్లో దీపిక అనే అమ్మాయి పెళ్ళి ఫోటోల పని ఫాయిజాకు వచ్చింది. బంధుబలగం పెద్దది, ఒక్క కెమెరా చాలదు. ఫాయిజా ఫోన్ చేసింది. విడిపోయాక అదే మొదటిసారి.

"రెండో కెమెరా కావాలి. వస్తావా?"

నాజియా ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "నన్నెట్టా పిలవబుద్ధేసింది?"

"చుట్టుపక్కల పని తెలిసిన ఆడమనిషి ఇంకెవరున్నారు? నా కెమెరా మాత్రం నీ పక్కన పెట్టను. అది చెప్పే పిలుస్తన్నా."

"వస్తా" అంది నాజియా.

పెళ్ళికూతురిని చేసే గదిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఫాయిజా కెమెరా పట్టీని ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. పలకరింపులు అయ్యీ అవకముందే పని పంచింది. "అటు పక్క నువ్వు తీయి, ఇటు నేను చూసుకుంటా."

నాజియా వెళ్ళి తన చోట నిలబడింది. కిటికీ వెలుతురు నేరుగా పెళ్ళికూతురి ముఖం మీద పడుతోంది. మంచి చోటు ఇదే. ఫాయిజా వైపు నీడ. కావాలనే వదిలిపెట్టిందని అర్థమైంది. మంచి చోటు తనకు ఒకరు వదిలిపెట్టాల్సి వచ్చినందుకు ఆమెకు కాస్త కష్టంగానే అనిపించింది. ఆ నీడలో ఫాయిజా ఏం తీస్తుందో చూడాలని కూడా అనిపించింది. దీపిక తలెత్తి నాజియాకేసి చూసింది.

"ఏమ్మా, పొద్దున ఏమన్నా తిన్నావా?" అని అడిగి, నాజియా కెమెరా ఎత్తింది.