అవ్వ బొమ్మ కింద పేరు

గత శతాబ్దంలో మన ఊళ్లు తిరిగిన ఒక ఐరోపా చిత్రకారుడు పెన్సిలుతో గీసి సంతకం చేసిన ముఖచిత్రాలను నేను సేకరిస్తాను. ఒకరింట్లో ఒకటి ఉందంటే మొన్న హిందూపురం నుంచి పెనుకొండ వెళ్లాను. అద్దం వెనక ముసలామె ముఖం సజీవంగా ఉంది. సంతకాన్ని మాత్రం రబ్బరుతో రుద్దేసి, అక్కడ బాల్‌పెన్నుతో వేరే పేరు రాశారు.

"ఎవరండీ ఈ పాడుపని చేసింది?" అన్నాను.

"మా తాత సార్," అన్నాడు ఆ ఇంటాయన. "ఆ రాసింది ఆయప్ప సొంత పేరే. పెండ్లాం బొమ్మ కింద పరాయోని పేరుంటే ఊరకుంటాడా?"

"మరి ఆమె పేరేది?"

అతను వంటింట్లోకి కేకేశాడు. "అమ్మా, అవ్వ పేరేమి?"

"ఏమో రా, నేను అత్తా అనే పిలుస్తాంటి!"

నా ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి డైరీలో నేనూ 'అవ్వ' అనే రాయాల్సి వచ్చింది.