కరివేపాకుకు ధర కట్టిన మొనగాడు

పోయినవాటి పద్దు ముందే చదివేస్తాను. నా సొంత డబ్బు మూడు లక్షలు. మా అక్క డబ్బు నాలుగు లక్షల ఇరవై వేలు. నడుస్తున్న స్కూటర్ ఒకటి. కూరలు చల్లగా ఉంచే పెద్ద పెట్టె, దాన్ని ఐస్‌క్రీం అమ్మే ఒకాయన సగం ధరకు తోసుకెళ్లాడు. అక్క కొనుక్కోవాలనుకున్న రెండు గదుల ఫ్లాట్. లెక్కల్లో తప్పు చేయడని అమీర్‌పేటలో నాకున్న పేరు. ఇన్నిటినీ మింగింది ఒక కరివేపాకు రెమ్మ. నవ్వుకోండి, ఫర్వాలేదు. నవ్వుకు డబ్బులు తీసుకునే అలవాటు మానుకున్నాను.

నేను చదివింది ఇంటర్ వరకే, అదీ పూర్తి కాలేదు. షాపుల్లో పద్దులు రాస్తూ రాస్తూ లెక్క నేర్చుకున్నవాణ్ణి. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. కాగితం మీద కూడిక సరిపోయిందంటే లోకం కూడా సరిపోయిందనుకుంటాడు.

ఆ రోజుల్లో అమీర్‌పేట పక్కనే పంజాగుట్టలో ఒక విదేశీ కంపెనీ పెద్ద దుకాణం తెరిచింది. దాని పేరు పలకాలంటే పళ్లు ఊడేలా ఉండేది, అందుకే అందరూ పచ్చ బోర్డు షాపు అనేవారు. అందులో కూరగాయల విభాగాన్ని బయటివాళ్లకు ఇస్తామన్నారు. సరుకు మనది, బోర్డు వాళ్లది. డిపాజిట్ ఏడు లక్షల ఇరవై వేలు. ఏ నెలైనా అమ్మకం వాళ్లు చెప్పినదానికంటే తగ్గితే, తగ్గినంతా డిపాజిట్‌లో కోస్తారు. "తగ్గితే కదా!" అనుకున్నాను. నా దగ్గర మూడు లక్షలే ఉన్నాయి. మిగతాది అక్క దగ్గర ఉంది.

మా సుగుణక్క అప్పటికి ఎర్రమంజిల్ ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండేది. బావ ఆఫీసులో అటెండరుగా చేస్తూ చనిపోయాడు. క్వార్టర్ ఖాళీ చేయాలి. బావ తాలూకు వచ్చిన డబ్బుతో బోరబండలో రెండు గదుల ఫ్లాట్‌కు అడ్వాన్సు కట్టబోతుంటే నేను అడ్డంపడ్డాను.

"ఒక్క ఏడాది ఆగక్కా. రెండు గదులు కాదు, మూడు గదులది కొనిస్త."

"మూడోది నాకెందుకు తమ్మీ? ఊడ్సుకునేది నేనే గదా."

"లెక్క చూపిస్త చూడు."

"నీ లెక్కలు నాకేం సమజైతయి? నువ్వు మంచిగున్నదంటే మంచిగనే ఉంటది." డబ్బు ఇచ్చేసింది. ఆ మాట ఇవ్వకుండా డబ్బు మాత్రమే ఇచ్చుంటే ఎంత బాగుండేది!

నా లెక్క చెబుతాను, మీరూ మురిసిపోండి. అమీర్‌పేట మెట్రో మెట్ల కింద నిలబడి వారం పాటు తలలు లెక్కపెట్టాను. కోచింగ్‌కు వచ్చే పిల్లలు చీమల బారులా దిగుతున్నారు. ఇన్ని తలలు, తలకు ఒక నోరు, నోటికి ఇంత కూర. తలలు లెక్కపెట్టాను గాని పొయ్యిలు లెక్కపెట్టలేదు. వాళ్లంతా హాస్టళ్లలో తినేవాళ్లు. వాళ్ల గదుల్లో ఉండేవి ఒక మంచం, ఒక లాప్‌టాప్, ఒక బకెట్. వాళ్లలో ఒక్కడు కూడా వంకాయ కొనడు.

దుకాణం మేనేజరు స్టెఫాన్ మర్యాదస్తుడు, ఏది చెప్పినా రాసుకునేవాడు. ఇంగ్లీషు నాకు అంకెల వరకు బాగా వచ్చు, మిగతాది చేతులతో నడిపేవాణ్ణి. బండివాళ్ల దగ్గర కూర కొంటే కరివేపాకు, రెండు పచ్చిమిర్చి కొసరు వేస్తారని ఒకరోజు చెప్పాను.

"దానికి వాళ్లకు ఎంత వస్తుంది?" అన్నాడు.

"సున్నా సార్."

"మరి ఎందుకు ఇస్తారు?"

సరిగ్గా అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ సున్నా కనిపిస్తే దాని ముందు ఒక అంకె పెట్టేదాకా నాకు నిద్ర పట్టదు. "మనం ధర పెడదాం సార్. పొట్లం పదిహేను రూపాయలు. రోజుకు నాలుగు వందల మంది. రోజుకు ఆరు వేలు. నెలకు లక్షా ఎనభై వేలు, ఊరికే!"

స్టెఫాన్ అదీ రాసుకున్నాడు. "మీ ఊరు మీకు తెలుసు. మీరు సరే అంటే సరే."

విదేశీ కంపెనీలు మన ఊరు తెలియక దెబ్బతింటాయని అందరూ అంటారు. పాపం, తెలియదనే నన్ను పెట్టుకున్నారు.

దుకాణం తెరిచిన రోజు హాస్టల్ కుర్రాళ్లు పెళ్లివారిలా దిగారు. ఏసీ కింద నిలబడి ఫొటోలు దిగారు. "అన్నా, చార్జింగ్ పాయింట్ యాడున్నది?" అని ఒకడు, "భాయ్, రెండే అరటిపండ్లు ఇస్తరా?" అని ఇంకొకడు. ఇక మధురానగర్ ఆడవాళ్లు వచ్చి బెండకాయల తోకలు టపటపా విరవడం మొదలుపెట్టారు. స్టెఫాన్ పరుగున వచ్చాడు.

"ఎందుకు పాడు చేస్తున్నారు?"

"లేతవో కావో చూస్తున్నారు సార్."

"మరి విరిగినవి ఎవరు కొంటారు?"

"విరిగినవే కొంటారు సార్. విరగనివి కొనరు."

ఆయన అక్కడే ఒక బుట్ట మీద కూర్చున్నాడు. మర్నాటి నుంచి బెండకాయలకు ప్లాస్టిక్ తొడుగు వేశారు. మూడు రోజులు ఆడవాళ్లు తొడుగులో వేళ్లు గుచ్చి చూశారు. నాలుగో రోజు నుంచి రావడం మానేశారు.

ఆ వారంలోనే అక్క వచ్చింది. తమ్ముడి దుకాణమని కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది. కిలో టమాటలు, అరకిలో దొండకాయలు తీసుకుని, అలవాటుగా ఒక కరివేపాకు పొట్లం పైన పడేసింది. బిల్లు కొట్టే లావణ్య కాకినాడ పిల్ల, సౌమ్యురాలు.

"కరివేపాకు పదిహేనండీ అమ్మగారూ."

"గదేంది బిడ్డా, కొసరుకు సుత పైసలా?"

"బార్‌కోడ్ ఉందండీ, సిస్టమ్ ఒప్పుకోదు."

అక్క నా వైపు చూసింది. "తమ్మీ, జర చెప్పరాదు."

పక్కన స్టెఫాన్ నిలబడి ఉన్నాడు. వెనక వరస ఉంది. నా జేబులో పదిహేను రూపాయలు కూడా ఉన్నాయి. కానీ నేను ధర్మరాజులా నిటారుగా నిలబడి, "రూల్ అంటే రూలే అక్కా" అన్నాను.

అక్క కొంగు ముడి విప్పి పదిహేను రూపాయలు ఎంచి బల్ల మీద పెట్టింది. వెనకున్న పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు. "సొంత అక్కకే కొసరు వెయ్యనోడు మనకేం పెడ్తడు? నడువుండ్రి, బయట బండి ఉన్నది." వరసలో సగం ఆమె వెంట నడిచింది. ఆ మాట ఆ సాయంత్రానికల్లా మధురానగర్ చేరింది. నేను లెక్క వేసిన నాలుగు వందల మందిలో రోజుకు నలభై మంది వస్తే గొప్ప. కూరలో కరివేపాకులా తీసిపారేశారంటారు చూడండి, నన్ను కరివేపాకే తీసి పారేసింది.

నెలనెలా కోత పడింది. ఏడాది తిరక్కుండా డిపాజిట్ అంతా కరిగింది, ఆ తర్వాత పచ్చ బోర్డు కూడా దిగింది. వెళ్లేముందు స్టెఫాన్ నా చేయి పట్టుకుని, "ఈ మార్కెట్ ఇంకా ముదరలేదు" అన్నాడు. గోదాములో మిగిలిన బెండకాయలు మాత్రం బాగా ముదిరాయి.

అక్క క్వార్టర్ ఖాళీ చేసి అమీర్‌పేటలో ఒక గదిలో అద్దెకు దిగింది. ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. మెట్రో మెట్ల కింద నేను లెక్కపెట్టకుండా వదిలేసిన పొయ్యి అక్కడ దొరికింది. ఎనభై తలలకు ఒక్క పొయ్యి, దాని ముందు మా అక్క.

అక్క బాకీ నెలకు ఐదు వేల చొప్పున ఏడేళ్లు కట్టాను. ఈలోగా ఆ ఫ్లాట్ ధర నా వాయిదాలను చూసి నవ్వుకుంటూ మేడలెక్కింది. పోయిన నెల చివరి ఐదు వేలు, వాటి మీద ఒక పదిహేను రూపాయలు పెట్టి అక్క చేతికిచ్చాను. అక్క ఎంచి చూసుకుంది. పదిహేను రూపాయలు వెనక్కి జరిపింది.

"ఇవి వద్దు తమ్మీ."

"ఎందుకక్కా? లెక్క లెక్కే."

"నాలుగు లక్షలు ఆ కంపెనోడు తిన్నడనుకున్న, మర్చిపోయిన. గీ పదిహేను మాత్రం నువ్వు తీస్కున్నవు. ఉండనీ." గుమ్మం దాటుతుంటే పిలిచి రెండు కరివేపాకు రెమ్మలు చేతిలో పెట్టింది. "మరదలికి ఇయ్యి. పైసలేం వద్దులే."

కనుక, ధర సున్నా ఉన్న ఏ వస్తువునూ ఇక మీదట లెక్కలోంచి కొట్టివేయనని, దాని ముందు అంకె అసలు పెట్టనని, ఆ రెండు రెమ్మల మీద చేయి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

అసలు నాలుగు లక్షల ఇరవై వేలు, చెల్లు. వడ్డీ అక్క అడగలేదు. ఇంకా బాకీ: పదిహేను రూపాయలు.