గేటు దగ్గర నీలం కుర్చీలు

మా ఇంట్లో పోలీసుల కోసమని విడిగా రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. నీలం రంగువి. జగ్గయ్యపేటలో ఇంకెవరింట్లో ఉన్నాయో తెలియదు గానీ మా ఇంట్లో మాత్రం చుట్టాలకు వేరు, వాళ్ళకు వేరు. మావారిది పురుగుమందుల కొట్టు. దాంతో సరిపెట్టుకుంటే నా బతుకు హాయిగా ఉండేది. ఆయన మా వార్డులో ప్రతిపక్షానికి నాయకుడు కూడా. నాయకుడంటే జెండా కట్టేదీ ఆయనే, జై కొట్టేదీ ఆయనే, అంతా అయ్యాక ఆ జెండా మడిచి బీరువా మీద పెట్టేదీ ఆయనే.

పార్టీ ధర్నాకి పిలుపిచ్చిన రోజు తెల్లారేసరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు మా గేటు దగ్గరకు వచ్చేసేవాళ్ళు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్ళేవారు. వాళ్ళు అడ్డం నిలబడేవాళ్ళు. ఆయన గొంతు పెంచి "ఇదేం ప్రజాస్వామ్యమండీ?" అనేవారు. ఎదురింటి దంపతులు కిటికీలోంచి చూసేవాళ్ళు. ఎవరో ఒకరు ఫొటో తీసేవాళ్ళు. కాసేపట్లో ఆ తంతు ముగిసేది. ఆయన లోపలికొచ్చి టీవీ పెట్టుకునేవారు, నేను వాళ్ళకు టీ పట్టుకెళ్ళేదాన్ని.

ఆ ఇద్దరిలో ఒకాయన రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి. మోకాళ్ళ నొప్పులు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని.

"ఏమనుకోమాకమ్మా, డ్యూటీ," అనేవాడు వచ్చినప్పుడల్లా.

"నేనేం అనుకుంటా బాబాయ్? మీరిక్కడుంటే ఆయన ఇంట్లో ఉంటారు. మంచిదేగా," అన్నాను ఒకసారి. ఆయన నవ్వాడు. నేను నవ్వులాటకి అనలేదు.

అప్పట్లో అధికారంలో ఉన్న నాయకుడిని ఊళ్ళో అందరూ పెద్దాయన అనేవాళ్ళు. వయసును బట్టి కాదు. ఏట్లో ఇసుక ఆయనది, మోసే లారీలు ఆయనవి, బిల్లు అడిగే మొనగాడు లేడు. చందర్లపాడు వైపు ఒక రైతు లారీకి అడ్డంగా నిలబడ్డాడు. మర్నాటికి అతని పొలంలో మోటారు, పైపులు ముక్కలై ఉన్నాయి. ఎవరు చేశారో అందరికీ తెలుసు, అడిగితే ఎవరికీ తెలియదు. అలాంటి చోట మావారు ఆ ఇసుక మీదే అర్జీలు రాసేవారు. అందుకే పోలీసులు మా గేటు దగ్గర కూర్చున్న మధ్యాహ్నాలే నాకు కంటినిండా నిద్ర పట్టేది. నా మొగుణ్ణి ఇంట్లో పెట్టి కాపలా కాస్తున్నారన్నట్టే ఉండేది నాకు.

ఒక రోజు నందిగామలో ఆర్డీవో ఆఫీసు ముందు ధర్నా. పొద్దున్నే లేచి కుర్చీలు తుడిచి గేటు దగ్గర వేశాను. పాలు ఎక్కువే పోశాను. ఎండ వాకిట్లోకొచ్చింది. ఎవరూ రాలేదు.

"చూశావా, భయపడ్డారు," అన్నారాయన, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

"ఏవండీ, వాళ్ళు రాలేదంటే రావద్దని ఎవరో చెప్పుంటారు. ఎందుకు చెప్పారో ఆలోచించండి."

"నీకు పోలీసులొచ్చినా ఏడుపే, రాకపోయినా ఏడుపే."

బాబాయ్‌కి ఫోన్ చేశాను. "రాలేదేంటి బాబాయ్?" అన్నాను. "ఇవాళ మాకు అటు డ్యూటీ వెయ్యలేదమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన్ని ఇంట్లోనే ఉండమనమ్మా," అని పెట్టేశాడు. నేను వీధిలోకి పరిగెత్తేసరికి ఆయన బండి స్టార్ట్ చేశారు. వెనక సీటు పట్టుకుని లాగాను. బతిమాలాను. ఎదురింటావిడ కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. నాకు సిగ్గు కూడా అనిపించలేదు.

"నందిగామేగా, సాయంత్రానికొస్తా," అని చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయారు.

చిల్లకల్లు దాటాక హైవే పక్కన కొందరు ఆయన్ని ఆపారట. మొహాలకు గుడ్డలు కట్టుకున్నారట. "అర్జీలు రాసేది ఈ చేత్తోనేగా," అని అడిగి మరీ కుడి మణికట్టు విరిచారు. కేసు దాకా వచ్చేసరికి అది బండి జారి పడడం అయింది. పార్టీ వాళ్ళు యాపిల్ పళ్ళు తెచ్చి, మంచం చుట్టూ నిలబడి ఫొటో దిగి, పోరాటం ఆగదని చెప్పి వెళ్ళారు. పోరాటం సంగతేమో గానీ ఆయనకి అన్నం కలిపి పెట్టింది నేను. అప్పట్నుంచి గేటు చప్పుడైతే ఒక భయం, కాకపోతే ఇంకో భయం.

తర్వాత ఎన్నికల్లో గాలి తిరిగింది. మావాళ్ళు గెలిచారు. మణికట్టు వంకరగానే అతుక్కుంది, ఆ చెయ్యి చూపిస్తేనే ఆయనకి దండలు పడ్డాయి. ఇన్నాళ్ళకి పీడ వదిలిందనుకున్నాను. ఇసుక లారీలు కొన్నాళ్ళు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. లారీల ముందు అద్దం మీద నాయకుడి బొమ్మ మారింది, అంతే.

"ఇదేంటండీ?" అంటే, "మనవాళ్ళూ బతకొద్దా?" అన్నారు.

మా ఎదురింటాయన మొదట్నుంచీ ఆ పెద్దాయన మనిషే. ఇప్పుడు ఆయనది ప్రతిపక్షం. ఇప్పుడు తెల్లారేసరికి పోలీసులు కూర్చునేది వాళ్ళ గేటు దగ్గర. బాబాయ్ రిటైరైపోయాడు. కొత్త కుర్రాడొకడు రోడ్డు దాటొచ్చి, "మేడమ్, ఆ కుర్చీలు రెండు ఇస్తారా?" అని అడిగాడు. ఇచ్చాను. సాయంత్రం తెచ్చి ఇచ్చేవాడు. ఎదురింటావిడ వాళ్ళకు టీ ఇస్తుంటే మా వరండాలోంచి చూసేదాన్ని. ఆవిడ మొహంలో కోపం లేదు. ఇవాళ్టికి ఆయన ఇంట్లోనే ఉంటాడన్న నిశ్చింత ఉంది. అది ఒకప్పుడు నాకున్నదే.

పోయిన నెలలో వాళ్ళ పార్టీ నందిగామలో ధర్నా పెట్టింది. అదే ఆఫీసు, అదే ఇసుక. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. మావారు వరండాలో నిలబడి, కుడి చెయ్యి మడవలేరు కాబట్టి ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడుతున్నారు.

"అక్కర్లేదులెండి. ఇవాళ మా ఎదురింటి దగ్గరికి కానిస్టేబుళ్ళెవర్నీ పంపొద్దని స్టేషన్లో చెప్పండి. పోనివ్వండి ఆయన్ని."

పాలబ్బాయికి ఇవాళ పాలొద్దని చెప్పినంత మామూలుగా అన్నారు. నా చేతిలో ముగ్గు వాకిట్లో కుప్పగా పడిపోయింది. తలెత్తి చూశాను. నేను విన్నానని ఆయనకి తెలిసింది.

"ఏవండీ," అన్నాను.

"నన్నప్పుడు ఎవరైనా ఆపారా?" అన్నారు.

నేనాపాను. బండి పట్టుకుని వీధిలో లాగింది నేను. అది ఆయనకి గుర్తు లేదు. వరండాలోంచి ఒక నీలం కుర్చీ తీసుకుని రోడ్డు దాటి, వాళ్ళ గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. లోపల ఎదురింటాయన బండి తుడుచుకుంటున్నాడు. మంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆవిడ బయటికొచ్చింది.

"ఏంటొదినా, ఇక్కడ కూర్చున్నావు?"

"ఇవాళ పోలీసులు రాలేదొదినా," అన్నాను.

ఆవిడ మా వరండా వైపు చూసింది. అక్కడ నిలబడ్డ మావారిని చూసింది, ఆయన వంకర చేతిని చూసింది. వెనక్కి తిరిగి బండికున్న తాళం లాక్కుంది. "ఏంటే, నీకేమన్నా పిచ్చా? తాళమియ్యి," అని వాళ్ళాయన అరుస్తున్నా వినకుండా లోపలికి పోయింది. కాసేపటికి నాకు టీ తెచ్చింది.

మావారు వరండాలో అలాగే నిలబడి నన్నే చూస్తున్నారు. ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు.

టీ అయిపోయింది. పొద్దెక్కింది, వంట మొదలుపెట్టాలి. రోడ్డు దాటి మా ఇంట్లోకి వెళ్ళడానికి నాకు భయమేసింది.